పన్నెండు చాపల బడి

స్వర్ణోత్సవాల సందర్భంగా మన బడిలో చదువుతున్న ఆడపిల్లలకు ఆత్మరక్షణ శిక్షణ ఇప్పించాలని పూర్వ విద్యార్థులం అనుకుంటున్నాం. మంచి ఆలోచన. ఎలాంటి శిక్షణ అన్నది తేల్చుకునే ముందు, 140 ఏళ్ల నాటి ఒక జపాన్ పంతులుగారి కథ చెప్పుకోవాలి.

ముందు నా సంగతి. ఎనిమిదో తరగతిలో సాయంత్రాలు మన గ్రౌండ్‌లో కరాటే నేర్చుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి. వరసల్లో నిలబడి, లెక్కపెడుతూ గాలిలో గుద్దేవాళ్లం. వార్షికోత్సవం నాడు స్టేజీ మీద నా జోడీ తన పిడికిలి నా ముఖానికి జానెడు దూరంలో ఆపేవాడు. నేను చెయ్యి తిప్పగానే తనే ఎగిరి పడేవాడు. చప్పట్లే చప్పట్లు! ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక రాత్రి రైల్వే స్టేషన్ బయట ఎవడో నా కాలరు పట్టుకుని బ్యాగు గుంజాడు. నేర్చుకున్నదాంట్లో ఒక్కటీ గుర్తు రాలేదు, చెయ్యే లేవలేదు. బ్యాగు పోయింది. తప్పు మాస్టారిది కాదు, కరాటేదీ కాదు. పట్టు వదలని మనిషితో నేను ఒక్కసారి కూడా సాధన చెయ్యలేదు.

సరిగ్గా ఈ లోపం మీదే పనిచేసినవాడు కానో జిగోరో. 1860లో పుట్టాడు. చిన్నగా, బలహీనంగా ఉండేవాడు. బడిలో పెద్ద పిల్లల చేతిలో దెబ్బలు తినేవాడు. జుజుత్సు నేర్చుకుందామంటే, సమురాయ్‌ల కాలం ముగిసి పాత విద్యలకు ఆదరణ తగ్గిన రోజులవి. చివరికి 1877లో ఫుకుదా హచినోసుకె అనే గురువు దొరికాడు. ఒక పట్టు ఎలా వెయ్యాలో వివరించమని కానో అడిగితే, ఆయన వివరించకుండా అతన్ని మళ్లీ మళ్లీ పడేశాడట. చేస్తేనే వస్తుంది, చెబితే రాదని ఆయన ఉద్దేశం.

అక్కడ ఫుకుషిమా అనే భారీ మనిషి ఉండేవాడు. అతనితో ఎప్పుడు తలపడ్డా కానోకు ఓటమే. సుమో పట్లు ప్రయత్నించాడు, కుదరలేదు. గ్రంథాలయానికి వెళ్లి పాశ్చాత్య కుస్తీ పుస్తకాలు తిరగేస్తే, ఎదుటివాణ్ణి భుజాల మీదికి ఎత్తి పడేసే పట్టు ఒకటి కనబడింది. స్నేహితుల మీద సాధన చేసి, చివరికి ఫుకుషిమాను పడేశాడు. జూడోలో ఆ పట్టు ఇప్పటికీ ఉంది.

1882లో టోక్యోలోని ఎయిషోజి అనే బౌద్ధాలయంలో, పన్నెండు గడ్డి చాపలు పట్టే గదిలో కానో తన బడి పెట్టాడు. దానిపేరు కొడోకాన్. మొదటి ఏడాది శిష్యులు తొమ్మిదిమంది. మనుషులు దబదబా పడుతుంటే నేల దెబ్బతినేది. కింద దూరి తామే బాగుచేసుకునేవారు.

జుజుత్సులో కళ్లలో పొడవడం, మర్మస్థానాల్లో కొట్టడం వంటివి చాలా ఉండేవి. వాటిని నిజంగా ప్రయోగిస్తే జోడీకి ప్రాణాపాయం. అందుకే ఎవరు ఏం చెయ్యాలో ముందే అనుకుని చేసే ‘కాతా’లో మాత్రమే కానో వాటిని ఉంచాడు. ఎత్తి పడెయ్యడం, నేలకు అదిమిపట్టడం వంటివాటిని ‘రందోరి’లో పెట్టాడు. రందోరి అంటే ఇద్దరూ పూర్తి బలంతో, ఎవరికి వారు గెలవాలని చేసే స్వేచ్ఛా సాధన. ఇది కొన్ని పాత సంప్రదాయాల్లో ఉన్నదే. కానో దాన్ని శిక్షణకు కేంద్రం చేశాడు. దానికి ముందు ‘ఉకెమి’, అంటే దెబ్బ తగలకుండా పడడం నేర్పించాడు.

ప్రమాదకరమైనవి పక్కన పెడితే విద్య పలచబడాలి కదా? అలా జరగలేదు. 1880ల్లో టోక్యో పోలీసుల పోటీల్లో కొడోకాన్ శిష్యులు పాత సంప్రదాయాలవాళ్ల మీద గెలిచి పేరు తెచ్చుకున్నారు. ఎన్నడూ ప్రయోగించని వంద ప్రాణాంతక దెబ్బల కన్నా, రోజూ ఎదురుతిరిగే మనిషి మీద వేసిన నాలుగు పట్లే పనికొచ్చాయి. మా వృత్తిలో ఓవర్‌హెడ్ ట్యాంకు కట్టాక నీళ్లు నింపి, కారుతుందేమో చూడనిదే అప్పగించం. రందోరి అలాంటి పరీక్షే.

దీనికీ హద్దులున్నాయి. రందోరిలో గుద్దులుండవు, కత్తి ఉండదు, ఇద్దరు ముగ్గురు మీదపడడం ఉండదు. ఈ హద్దులు కానోకూ తెలుసు. 1930లో ఉయెషిబా మొరిహెయి ప్రదర్శన చూసి, మెచ్చుకుని, తన శిష్యులనే ఆయన దగ్గరికి పంపాడు. అప్పటికి కానో వయసు దాదాపు 70.

ఆయన వృత్తి చదువు చెప్పడమే. ఉపాధ్యాయులను తయారుచేసే టోక్యో ఉన్నత నార్మల్ స్కూలుకు ఇరవై ఏళ్లకు పైగా ప్రధానాచార్యుడు. ఆయన విద్య మన దేశానికీ బడి ద్వారానే వచ్చింది. 1929లో రవీంద్రనాథ్ ఠాగూర్ కొడోకాన్‌కు చెందిన తకగాకి షింజోను శాంతినికేతన్‌కు రప్పించారు. అక్కడ ఆడపిల్లలూ నేర్చుకున్నారు. ఆర్థికవేత్త అమర్త్యసేన్ తల్లి అమితా సేన్ శాంతినికేతన్‌లో జూడో నేర్చినవారే.

అందుకని మన కార్యక్రమానికి నా విన్నపాలు ఇవి. స్టేజీ కన్నా ముందు మంచి మ్యాట్లు కొందాం. మొదటి నెల పడడం నేర్పిద్దాం. తరువాత చెయ్యి పట్టుకున్న జోడీ ముందు మెల్లగా, ఆపైన గట్టిగా, చివరికి నిజంగానే వదలకుండా పట్టుకోవాలి. యూనిఫాంలో, భుజాన పుస్తకాల సంచితోనే సాధన జరగాలి. గట్టిగా అరవడం, సందు దొరకగానే పరుగెత్తడం కూడా పాఠంలో భాగమే. మూడు నెలలకు సర్టిఫికెట్ ఇచ్చి చేతులు దులుపుకోకుండా, ఏడాది పొడవునా వారానికి రెండు రోజులు నడిపిద్దాం.

వచ్చే వార్షికోత్సవంలో మన పిల్లలు పెంకులు పగలగొట్టి చూపించకపోయినా ఫరవాలేదు. నాలాగా వాళ్ల చెయ్యి లేవకుండా ఉండిపోకూడదు.