వీరస్మృతిచిహ్నములు: శిల, ఆయుధము, దీపము

యుద్ధమునఁ బడిన యోధుని దేహము రణభూమియందే నశించును. వాని పేరు నిలుపు భారము బ్రతికియున్నవారిది. ఆ భారమును మన పూర్వులు మూఁడువిధములుగా వహించిరి: శిలను నిలిపిరి, ఆయుధమును బూజించిరి, దీపమును వెలిఁగించిరి. ఈ మూఁటిలో దేనిబలము దేనియందున్నదో విచారించుట యీ వ్యాసోద్దేశము.

శిలకు మనదేశమునఁ బ్రాచీనసాక్ష్యము నాగార్జునకొండ. క్రీ. శ. 3వ శతాబ్దియం దిక్ష్వాకుల కాలమున నచ్చట మృతులకొఱకు ఛాయాస్తంభములు నిలుపఁబడినవి. వీరపురుషదత్తుని 20వ రాజ్యవర్షమున వాని తండ్రియగు శాంతమూలునికై నిలిపిన స్తంభమున తల్లులును, తోఁబుట్టువులును, రాణులును బేర్కొనఁబడిరి. తరువాతి శతాబ్దుల వీరగల్లులు పెక్కింటియందుఁ గ్రింద యుద్ధమును, నడుమ వీరుని స్వర్గమునకుఁ గొనిపోవు నప్సరసలును, పైని శివసన్నిధియుఁ జెక్కఁబడియుండును. శిఖరమున సూర్యచంద్రులుందురు. అయినను, అక్షరము లేని వీరగల్లును గాంచి, యీ వీరుఁడెవఁడని యడిగిన శిల బదులు చెప్పదు.

ఆయుధముతోడి స్మరణకుఁ బల్నాటిసీమ ప్రసిద్ధము. క్రీ. శ. 1182 ప్రాంతమున జరిగినదని చెప్పఁబడు పల్నాటియుద్ధమునఁ బడినవారికి నాగులేటి యొడ్డునఁ గారెంపూడియందు వీరులగుడి యున్నది. ఏఁటేఁటఁ గార్తికమాసాంతమున నాచారవంతులు తమ యిండ్లఁ గాపాడుకొన్న వీరుల కొణతములను దెచ్చి, యేటఁ గడిగి, యైదుదినము లుత్సవము సల్పుదురు; వీరవిద్యావంతులు కథ గానము చేయుదురు. బ్రహ్మనాయుని చాపకూటిని దలఁచుకొని యన్నికులములవారును గలసి భుజించుటయు నం దొకభాగము. ఇచ్చట గుఱుతు ఇనుము. దానిని నిలిపినది మాత్రము జనులయాచారము.

ఇఁక దీపము. గౌతమీవసిష్ఠల నడుమనున్న కోనసీమ యొండ్రునేల; శిలను దూరమునుండి తేవలసినదే. ఆ సీమకుఁ బొరుగున గౌతమికావలియొడ్డునఁ గల దాక్షారామ భీమేశ్వరాలయ శాసనములఁ జదువఁగాఁ బెక్కిట నఖండదీపదానములు గానవచ్చును. దాత గొఱ్ఱెలను, సాధారణముగా నేఁబదింటిని, సమర్పించును. వానిని గ్రహించిన కాపరి నిత్యము నియతమైన నేతిని దీపమునకుఁ బోయవలెను. తల్లిదండ్రులకో, యేలికకో, తనకో పుణ్యముగా నా దీపము వెలుఁగును. ఇది యోధులకే పరిమితము గాదు. మృతుని పేరఁ బుణ్యము నిరంతరముగా సాగుటయే దీని యభిప్రాయము. పల్నాటి వీరచరిత్రమునకుఁ గర్తగాఁ జెప్పఁబడు శ్రీనాథుఁడే యీ దాక్షారామమును భీమేశ్వరపురాణమునఁ గీర్తించుట గమనింపఁదగినది.

విచారించి చూడఁగా నొక విశేషము తేలుచున్నది. ఆ దీపము లాఱిపోయినవి, ఆ మందలు లేవు. దీపమిచ్చిన మాట మనకుఁ దెలిపినది శిలయే. అక్షరము లేని వీరగల్లు పేరు చెప్పలేదు. అక్షరము గల శాసనము మందకంటెను దీపముకంటెను మిన్నగా మిగిలెను. కారెంపూడియం దక్షరమునకు బదులు గాయకుని కంఠము నిలిచినది. కావున గుఱుతు స్వయముగా స్మృతి గాదు. దానిని జదువువాఁడో, పాడువాఁడో, పోషించువాఁడో యుండవలెను.

ఈ రహస్యమును గ్రొత్తకాలమును నెఱుఁగును. ఢిల్లీయందు 1931లో నావిష్కృతమైన ఇండియా గేటుపైఁ బదుమూఁడువేలకుఁ బైగా సైనికుల పేరులు చెక్కఁబడినవి; 1972లో నచ్చట అమర జవాన్ జ్యోతి వెలిఁగింపఁబడినది. 2022లో నా జ్యోతిని జాతీయ యుద్ధస్మారకపు జ్యోతితోఁ గలిపిరి. పేరు శిలపై, ప్రాణము దీపమున, ననునట్లుగాఁ బ్రాచీనములగు రెండు గుఱుతులు నొక్కచోటఁ జేరినవి.

పండితులకు నా విన్నపమొక్కటి. మీ యూరి గుడిగోడలయందును, చెఱువుగట్లయందును, బొలిమేరలయందును మాసిపోవుచున్న యక్షరములున్నచో, వానిని బిల్లలచేఁ జదివించి ప్రతి వ్రాయింపుఁడు. చదివినంతకాలమే యా వీరుఁడు నిలుచును. అదియే నేఁటి యఖండదీపదానము.