అక్షరాల పందెం: నూరేళ్ళ కథ

మన సొసైటీ వార్షికోత్సవంలో పిల్లలకు ఇంగ్లీషు స్పెల్లింగు పోటీ పెట్టడం సభ్యులందరికీ తెలిసిందే. ఒక యేడు ఒక చిన్నవాడు ‘రిసీవ్’ అనే మాట దగ్గర ఆగిపోయాడు. ‘ఇ’ ముందా, ‘ఐ’ ముందా అని తడబడి చివరికి తప్పు చెప్పాడు. అక్కడితో అయిపోతే బాగుండేది. వాళ్ళ నాన్నగారు అందరి ముందే వాణ్ణి గదమాయించారు. వాడు ఏడుస్తూ వెళ్ళి అమ్మీ పక్కన కూర్చున్నాడు. భోజనాలకు పిలిస్తే రాలేదు. నిర్వాహకులమైన మేము చూస్తూ ఊరుకున్నాము. ఆ ఊరుకోవడం మమ్మల్ని ఇప్పటికీ బాధపెడుతూనే ఉన్నది. ఈ పోటీ ఎక్కడ పుట్టింది, ఎట్లా పెరిగింది, ఎంతదాకా పోయింది అనేది తెలుసుకుంటే మనకు మేలు జరుగుతుందని తలచి ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

తెలుగులో ఇటువంటి పోటీకి పెద్దగా చోటు లేదు. పలికినట్టే రాస్తాము కదా! శ, ష, స దగ్గరో, ల, ళ దగ్గరో పిల్లలు తప్పుతారు, అంతే. ఉర్దూలో కొంచెం కష్టం. ‘జ’ లాంటి ఒక్క శబ్దానికి జే, జాల్, జ్వాద్, జోయ్ అని నాలుగు అక్షరాలున్నాయి. ఇమ్లాలో తప్పులు రాసి ఉస్తాదు చేత చీవాట్లు తిన్న పెద్దలు మనలో ఎందరో ఉన్నారు. ఇంగ్లీషు సంగతి చెప్పనే అక్కర్లేదు. లాటిన్, గ్రీకు, ఫ్రెంచి, జర్మను – ఎక్కడి మాట తెచ్చుకుంటే అక్కడి రాతనూ చాలావరకు వెంట తెచ్చుకున్నది. అందుకే ఆ భాషలో అక్షరాలు చెప్పడమే ఒక పందెమైంది.

ఈ పందేనికి పుట్టిల్లు అమెరికా. నోవా వెబ్‌స్టర్ అనే పండితుడు 1783లో ఒక స్పెల్లింగు పుస్తకం అచ్చువేశాడు. నీలం అట్ట ఉన్న ఆ పుస్తకం అక్కడి బడుల్లో తరతరాలు నడిచింది. పల్లెల్లో సాయంత్రం పూట బడి గదిలో పెద్దలూ పిల్లలూ చేరి రెండు జట్లుగా నిలబడేవారు. తప్పు చెప్పినవాడు కూర్చోవాలి. ఊరివాళ్ళంతా ఒకచోట చేరి కలిసి పని చేసుకోవడాన్ని అక్కడ ‘బీ’ అనేవారు. ఆ పేరే దీనికీ వచ్చింది. అంటే మొదట ఇది నలుగురూ కలిసి నవ్వుకునే వినోదమే.

దేశమంతటికీ ఒక పోటీ 1925లో మొదలైంది. లూయీవిల్‌లోని ఒక దినపత్రిక చొరవ తీసుకోగా మొత్తం తొమ్మిది పత్రికలు కలిశాయి. తుది పోటీ వాషింగ్టన్‌లో జరిగింది. కెంటకీకి చెందిన 11 ఏళ్ళ ఫ్రాంక్ న్యూహౌసర్ ఒక పువ్వు పేరు, ‘గ్లాడియోలస్’, సరిగ్గా చెప్పి గెలిచాడు. బహుమతి 500 డాలర్ల బంగారు నాణేలు. 1941లో స్క్రిప్స్-హోవర్డ్ పత్రికా సంస్థ దీన్ని చేపట్టింది. యుద్ధం వల్ల 1943 నుండి 1945 వరకు పోటీ జరగలేదు.

ఈ చరిత్రలో మరువరాని ఒక పేరు మాక్‌నోలియా కాక్స్. ఒహాయోకు చెందిన ఈ 13 ఏళ్ళ నల్లజాతి బాలిక 1936లో వాషింగ్టన్ వచ్చింది. దారిలో నల్లవారి రైలు పెట్టెలోకి మారవలసి వచ్చింది. తక్కిన పిల్లలతో పాటు హోటల్లో బస ఇవ్వలేదు. అయినా చివరి అయిదుగురిలో నిలిచింది. అప్పుడు ‘నెమెసిస్’ అనే మాట ఇచ్చారు. అది దేవత పేరు, పోటీకి పనికిరాదని వెంట వచ్చినవారు వాదించినా లాభం లేకపోయింది. నల్లజాతి అమెరికన్ అమ్మాయి ఒకరు, జైలా అవాంట్‌గార్డ్, ఈ కిరీటం గెలిచేసరికి 2021 వచ్చింది.

ఇక మనవాళ్ళ సంగతి. 1965లో అమెరికా వలస చట్టం మారిన తరువాత మన దేశం నుండి చదువుకున్న కుటుంబాలు అక్కడికి వెళ్ళాయి. 1985లో బాలు నటరాజన్ గెలిచి భారత సంతతి విజేతలలో మొదటివాడయ్యాడు. 1989లో రత్నం చిట్టూరి నార్త్ సౌత్ ఫౌండేషన్ స్థాపించారు. ప్రవాస కుటుంబాల పిల్లలకు పోటీలు పెట్టి, మన దేశంలోని పేద విద్యార్థులకు కాలేజీ స్కాలర్‌షిప్‌లు ఇవ్వడం ఆ సంస్థ పద్ధతి. అక్కడ ఒక పిల్లవాడు అక్షరాలు వల్లె వేస్తే ఇక్కడ మరొకడి చదువు సాగుతుందన్నమాట. మనలాంటి సొసైటీలు గమనించదగిన విషయమిది. 2008 నుండి 2019 వరకు భారత సంతతి పిల్లలు గెలవని యేడు ఒక్కటీ లేదు.

పిల్లలు ఆరితేరిన కొద్దీ నిర్వాహకులు మాటలను కఠినం చేస్తూ పోయారు. 1994 నుండి టీవీ క్రీడా ఛానెల్లో ప్రసారం కావడంతో పోటీ బయటి లోకానికీ ఎక్కింది. హైదరాబాదు మూలాలున్న అరవింద్ మహంకాళి 2011లోనూ, 2012లోనూ జర్మను మాటల దగ్గరే తప్పి మూడో స్థానంతో తిరిగి వెళ్ళాడు. 2013లో జర్మను నుండి పుట్టిన యూదుల భాష యిడ్డిష్ నుండి వచ్చిన ‘క్నేడెల్’ చెప్పి గెలిచాడు. ఆ యేడే మాటల అర్థాలపై పరీక్ష కూడా చేర్చారు. 2014 నుండి వరుసగా మూడేళ్ళు ఇద్దరేసి విజేతలు. 2019లోనైతే నిర్వాహకుల దగ్గర ఓడించే మాటలే కరువై ఎనిమిది మందిని ఒకేసారి విజేతలుగా ప్రకటించారు! 2020లో కరోనా వల్ల పోటీ రద్దయింది. 2022లో సమానంగా నిలిచిన ఇద్దరికి 90 సెకన్ల పరుగు పెట్టారు. హరిణి లోగన్ ఆ కాస్త సమయంలో 21 మాటలు సరిగ్గా చెప్పి గెలిచింది.

డబ్బు కూడా వచ్చి చేరింది. మునుపు పోటీ చేసిన పిల్లలే పదాల పట్టికలు అమ్మడం, గంటల లెక్కన పాఠాలు చెప్పడం మొదలైంది. 2018, 2019లలో స్థానికంగా ఓడినవారు కూడా రుసుము కట్టి తుది పోటీకి రావచ్చన్నారు. దాంతో సంఖ్య అయిదు వందలు దాటింది. తరువాత ఆ పద్ధతి తీసేశారు. ఎనిమిదో తరగతి దాటితే అర్హత లేదు. కనుక ఏళ్ళ తరబడి చేసిన శ్రమకు ఫలితం దక్కేది ఒక్కరికే.

2024లో నల్లగొండ మూలాలున్న బృహత్ సోమా 90 సెకన్లలో 29 మాటలు సరిగ్గా చెప్పాడు. అప్పుడు ఓడి రెండో స్థానంలో నిలిచినవాడు ఫైజాన్ జకీ. వీళ్ళది హైదరాబాదు నుండి టెక్సాస్ వెళ్ళిన కుటుంబం. మరుసటి యేడు, అంటే పోటీ మొదలై సరిగ్గా నూరేళ్ళయిన 2025లో, మళ్ళీ వచ్చాడు. తక్కిన ఇద్దరూ తప్పారు, ఇంక రెండు మాటలు సరిగ్గా చెబితే గెలుపే. ‘కొమెలినా’ అన్నారు. అది ఏ భాష మాట, అర్థమేమిటి అని అడిగే హక్కు ఉండి కూడా అడగకుండా తొందరపడి తప్పు చెప్పాడు. ఓడిన ఇద్దరూ మళ్ళీ పోటీలోకి వచ్చారు. వేదిక మీద, టీవీలో, దేశమంతా చూస్తుండగా జరిగిన పొరపాటు అది. అయినా కుంగిపోలేదు. ఆ తరువాత ‘ఎక్లేర్సీస్మా’ అనే ఫ్రెంచి మాట చెప్పి గెలిచాడు. సందేహం తీరి విషయం తేటపడడం అని దాని అర్థం.

ఆ వార్త చదివి మన ఇళ్ళల్లో కూడా ‘చూడరా, మనవాడు ఎట్లా గెలిచాడో’ అన్నాము. పొంగిపోవలసిన విషయమే, కాదనము. కానీ ‘కొమెలినా’ దగ్గర తప్పిన సంగతి మన పిల్లలకు చెప్పినవారు ఎందరు? తప్పిన తరువాత మళ్ళీ నిలబడడానికి పిల్లవాడికి కొంచెం జాగా కావాలి. ఆ జాగా ఇవ్వవలసింది ఇంట్లోవాళ్ళే.

కాబట్టి సభ్యులకు మా మనవి. వచ్చే వార్షికోత్సవంలో ఇంగ్లీషుతో పాటు ఉర్దూ ఇమ్లా, తెలుగు డిక్టేషన్ కూడా పెడదాము. పాత పల్లెబడిలో లాగా రెండు జట్లు చేసి, పెద్దలు కూడా పిల్లలతో కలిసి నిలబడదాము. నాన్నగార్లు కూడా ఒకసారి ‘రిసీవ్’ చెప్పి చూడాలి! గెలిచినవారికి కప్పు ఇద్దాము, పాల్గొన్న ప్రతి బిడ్డకూ ఒక నోటుపుస్తకం ఇద్దాము. ఆ చిన్నవాడు ఇప్పుడు పై తరగతికి వచ్చాడు. వాడి పేరు మేమే ముందుగా రాసుకున్నాము. ఈసారి భోజనాల వేళకు వాణ్ణి మా పక్కనే కూర్చోబెట్టుకుంటాము.