ఈఐఎఫ్2ఏకే3 (పెర్క్) జన్యువు

ఈఐఎఫ్2ఏకే3 మనిషి 2వ క్రోమోజోమ్ పొట్టి భుజంపై ఉండే జన్యువు. దీని నుంచి 1,116 అమైనో ఆమ్లాల పెర్క్ అనే కైనేజ్ (ఇతర ప్రోటీన్లకు ఫాస్ఫేట్ చేర్చే) ఎంజైము తయారవుతుంది. కణంలో ప్రోటీన్లు ముడుచుకునే అంతర్జీవద్రవ్య జాలం పొరలో పెర్క్ ఇమిడి ఉంటుంది. దాని ఒక కొస జాలం లోపలికీ, కైనేజ్ భాగమున్న రెండో కొస కణద్రవ్యంలోకీ ఉంటాయి.

ఈ జన్యువు కథ ఒక అరుదైన వ్యాధితో ముడిపడి ఉంది. 1972లో వోల్కాట్, రాలిసన్ అనే వైద్యులు ముగ్గురు తోబుట్టువుల్లో పసితనపు మధుమేహాన్నీ, ఎముకల చివరల ఎదుగుదల లోపాన్నీ వర్ణించారు. కారణం చాలాకాలం తెలియలేదు. 1998లో రొనాల్డ్ వెక్ బృందం ఎలుక క్లోమంలో ఒక కైనేజ్‌ను గుర్తించి పీఈకే అని పేరు పెట్టింది. మరుసటి ఏడు హీథర్ హార్డింగ్, డేవిడ్ రాన్ బృందం దాన్నే పెర్క్ పేరుతో వర్ణించి, జాలంలోని ఒత్తిడికి కణం స్పందించే మార్గాల్లో ఇదొకటని చూపింది. 2000లో సెసిల్ జూలియే బృందం రెండు కుటుంబాలను పరిశీలించి, వోల్కాట్–రాలిసన్ వ్యాధికి ఈఐఎఫ్2ఏకే3లోని ఉత్పరివర్తనాలే మూలమని తేల్చింది.

మామూలుగా బిప్ అనే ప్రోటీన్ పెర్క్ లోపలి కొసకు అంటిపెట్టుకుని దాన్ని పనిచేయనివ్వదు. జాలంలో సరిగా ముడుచుకోని ప్రోటీన్లు పేరుకుని ఒత్తిడి కలిగితే బిప్ విడిపోతుంది. అప్పుడు పెర్క్ అణువులు జతకట్టి, ఒకదానికొకటి ఫాస్ఫేట్ చేర్చుకుని చురుకవుతాయి. ఆపై ప్రోటీన్ల తయారీని మొదలుపెట్టే ఈఐఎఫ్2 ఆల్ఫా అనే ప్రోటీన్‌లోని 51వ సెరీన్‌కు ఫాస్ఫేట్ చేరుస్తాయి. దాంతో చాలా ప్రోటీన్ల తయారీ మందగిస్తుంది. ఏటీఎఫ్4 అనే ప్రోటీన్ తయారీ మాత్రం పెరిగి, కణాన్ని కాపాడే జన్యువులు మేలుకుంటాయి. గాడ్34 అనే ప్రోటీన్ సాయంతో ఆ ఫాస్ఫేట్ తొలగితే ప్రోటీన్ల తయారీ మళ్లీ మొదలవుతుంది. ఒత్తిడి ఎంతకీ తగ్గకపోతే చాప్ అనే ప్రోటీన్ కణాన్ని చావు వైపు నడిపిస్తుంది.

క్లోమంలో ఇన్సులిన్‌ను పెద్దమొత్తంలో తయారుచేసే బీటా కణాలకు ఈ నియంత్రణ తప్పనిసరి. పెర్క్ లేని ఎలుకలకు పుట్టిన కొన్ని వారాల్లోనే మధుమేహం వస్తుంది. మనుషుల్లో తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపమున్న జన్యుప్రతి సంక్రమించిన బిడ్డకే వ్యాధి వస్తుంది. అందుకే ఇది దగ్గరి బంధువులు పెళ్లాడిన కుటుంబాల్లో ఎక్కువగా కనిపిస్తుంది. మధుమేహానికి ఇన్సులిన్ ఇస్తారు, కానీ పదేపదే వచ్చే కాలేయ వైఫల్యం ప్రాణాంతకం కావచ్చు.

నాడీ క్షీణత వ్యాధుల్లో సమస్య ఇందుకు విరుద్ధం: అక్కడ పెర్క్ అదేపనిగా చురుకుగా ఉంటుంది. 2011లో జరిగిన జన్యు అధ్యయనం ఈఐఎఫ్2ఏకే3 ప్రాంతపు తేడాలకు ప్రోగ్రెసివ్ సుప్రాన్యూక్లియర్ పాల్సీ అనే మెదడు వ్యాధితో సంబంధం ఉందని చూపింది. 2013లో జొవానా మలూచీ బృందం మెదడును దెబ్బతీసే ప్రయాన్ వ్యాధి సోకిన ఎలుకలకు పెర్క్‌ను అడ్డుకునే మందు ఇచ్చి, వాటి నాడీకణాలను కాపాడింది. అయితే ఆ ఎలుకలు బరువు తగ్గాయి, వాటి రక్తంలో చక్కెర కొంత పెరిగింది. క్లోమానికి హాని కలగకుండా మెదడులో పెర్క్ చురుకును తగ్గించడమే ఈ మార్గంలో మందులు రూపొందించేవారి ముందున్న ప్రధాన సమస్య.