పువ్వు పుట్టని అడవి మీద మోదుగ పూసింది

మాఘం పోయి ఫాల్గుణం వచ్చేసరికి గోదావరిఖని చుట్టుపక్కల గుట్టలు ఎర్రబారతాయి. ఆకులన్నీ రాల్చుకున్న మోదుగ చెట్టు కొమ్మకొమ్మకూ చిలుకముక్కు పూలు తొడుగుతుంది. ఓపెన్‌కాస్టు దుమ్ము వాటి మీద పడుతూనే ఉంటుంది. హోలీకి పిల్లలు వాటినే కోసుకొచ్చి, మరగబెట్టి రంగు తీస్తూనే ఉంటారు. వింత పూలు చూడాలంటే ఏ కలకత్తా తోటకో పోవాలనుకుంటాం. మన గుట్టల మీది ఈ చెట్లకు మాత్రం వృక్షశాస్త్రంలో రెండు వందల ఏళ్లు దాటిన చరిత్ర ఉంది. అందులో కొన్ని పుటలు తెలుగునేల మీద పెరిగిన ఒక తోటలోనే రాశారు.

సామర్లకోట తోట

విలియం రాక్స్‌బర్గ్ 1751లో స్కాట్లాండులో పుట్టాడు. ఈస్టిండియా కంపెనీ వైద్యుడిగా 1776లో మద్రాసు చేరాడు. 1781లో గోదావరి దిగువన సామర్లకోటకు వచ్చి, అక్కడ ఒక ప్రయోగాల తోట పెంచాడు. మిరియం, కాఫీ, దాల్చిన, మల్బరీ వంటివి ఈ నేలలో ఎలా పెరుగుతాయో పరీక్షించాడు. కంపెనీకి లాభం తెచ్చే పంట ఏదో తేల్చడం ఆ తోట పని. ఆ లాభనష్టాల లెక్కలు ఎప్పుడో తీరిపోయాయి. మనకు మిగిలినవి అక్కడ గీయించిన బొమ్మలు.

రాక్స్‌బర్గ్ స్థానిక చిత్రకారులను పనిలో పెట్టుకున్నాడు. కొమ్మ, ఆకు, పువ్వు, కాయ, గింజ, విడదీసిన పువ్వు లోపలి భాగాలు, అన్నీ ఉన్నవి ఉన్నట్టు వాళ్లు దించారు. ఆయన మొక్కల వర్ణనలతో పాటు తెలుగు పేర్లు కూడా అడిగి రాసుకున్నాడు. వృక్షశాస్త్రవేత్త జోసెఫ్ బ్యాంక్స్ చొరవతో ఈ కృషి ‘ప్లాంట్స్ ఆఫ్ ద కోస్ట్ ఆఫ్ కోరమాండల్’ పేరుతో 1795 నుంచి 1820 దాకా మూడు సంపుటాలుగా, 300 చిత్రాలతో లండన్‌లో అచ్చయింది. 1793లో రాక్స్‌బర్గ్ కలకత్తా శిబ్‌పూర్ తోట బాధ్యతకు వెళ్లాడు. మొత్తం మీద గీయించిన బొమ్మలు రెండున్నర వేలు దాటాయి. అవి ఇవాళ కలకత్తాలోనూ, ఇంగ్లండులోని క్యూ తోటలోనూ భద్రంగా ఉన్నాయి. ఆ సంపుటాల మీద రాక్స్‌బర్గ్ పేరుంది, గీసినవాళ్ల పేర్లు లేవు. మన పూలను లోకానికి చూపించిన ఆ చేతులు ఎవరివో తెలియకుండా పోవడం తీరని లోటు.

నాలుగు చెట్లు, నాలుగు పేర్లు

కోల్‌బెల్టు మనిషికి రోజూ ఎదురయ్యే చెట్లు ఆ మొదటి సంపుటంలోనే కనిపిస్తాయి. మోదుగ అందులో ‘బ్యూటియా’గా చేరింది. మొక్కల పరిశోధనను పోషించిన బ్యూట్ ప్రభువు పేరది. తర్వాత పక్కన చేరిన ‘మోనోస్పెర్మా’కు ఒంటి గింజది అని అర్థం. కాయ విప్పి చూస్తే నిజంగానే ఒకే గింజ ఉంటుంది. మోదుగకు వాసన లేదని కవులు వెలితిగా చెప్పారు. దానికి వాసనతో పని లేదు. తేనెపిట్టలూ గోరింకలూ రంగు చూసే వస్తాయి, తేనె తాగి పుప్పొడి మోసుకుపోతాయి. ఎండిన అడవిలో ఆ ఎరుపు ఎంత దూరానికైనా కనబడుతుంది.

ఇప్ప లెక్క వేరు. అది రాత్రి పూసే చెట్టు, దాని చుట్టాలు గబ్బిలాలు. కండపట్టిన తియ్యని పువ్వు తెల్లవారకముందే నేల రాలుతుంది. చీకటితోనే లేచి బుట్టలతో ఏరుకునే ఆడవాళ్లకు అది తిండి, ఎండబెట్టుకుంటే దాపుడు సరుకు, కాస్తే సారా. కొమ్మ మీదికన్నా నేల మీద ఎక్కువ విలువ చేసే పువ్వు ఇంకొకటి నాకు తెలియదు.

తునికికి రాక్స్‌బర్గ్ పెట్టిన పేరు ‘మెలనోజైలాన్’, అంటే నల్ల కర్రది. దాని చేవ నలుపు చూసి పెట్టిన పేరది. ఎండాకాలం బీడీ ఆకు కోతకు పోయే కుటుంబాలు ఆ చెట్టును ఆకుతోనే గుర్తుపడతాయి. వెన్నరంగు చిన్న పూలను ఆగి చూసేవాళ్లు తక్కువ. మగపూలు ఒక చెట్టుకు, ఆడపూలు మరో చెట్టుకు పూస్తాయి.

నాలుగోది సోమిద. దీని బెరడు జ్వరానికి మందని తెలుసుకుని, ఖరీదైన సింకోనాకు బదులు వాడవచ్చని రాక్స్‌బర్గ్ ప్రచారం చేశాడు. 1830లో ఫ్రెంచి శాస్త్రవేత్త ఆడ్రియన్ ద జుస్యూ దీన్ని ప్రత్యేక ప్రజాతిగా విడదీసి ‘సోయ్‌మిడా’ అన్నాడు. మన అడవి మాటే కాస్త యాసతో లోకమంతటికీ శాస్త్రనామమైంది.

కింది తోట

ఈ పూల వేళ్ల కింద, మన బాయిల్లో, మరో తోట ఉంది. 1871లో జియలాజికల్ సర్వేకు చెందిన విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు జాడ కనిపెట్టాడు. దగ్గరి పల్లె సింగరేణి పేరే 1920లో కంపెనీకి పెట్టారు. బొగ్గు సీముకు పైనా కిందా ఉండే పలకరాళ్లలో నాలుకలాంటి ఆకు అచ్చులు దొరుకుతాయి. నడిమి ఈనె, దానికి ఇరువైపులా వలలా అల్లుకున్న సన్నని ఈనెలు. 1828లో శాస్త్రవేత్త బ్రోన్యార్ ఈ ఆకుకు ‘గ్లాసాప్టెరిస్’ అని పేరు పెట్టాడు, అంటే నాలుక ఫెర్న్. నిజానికి అది ఫెర్న్ కాదు, గింజలు కాసే చెట్టు. ఆ గింజలు పువ్వులో పుట్టలేదు, ఆకుకు అంటుకుని కాశాయి. అది పాతికకోట్ల ఏళ్లకు పైబడిన అడవి. పువ్వు ఈ భూమి మీదికి వచ్చి సుమారు పదమూడు కోట్ల ఏళ్లే అయింది. అంటే మన బొగ్గు మొత్తం పువ్వునే ఎరగని అడవి నుంచి వచ్చింది.

ఆ అడవికి ఈ ఎండలూ తెలియవు. అప్పుడు ఈ నేల దక్షిణ ధ్రువానికి చేరువలో, ఆస్ట్రేలియా, ఆఫ్రికా, అంటార్కిటికాలతో అతుక్కుని ఉండేది. 1912లో దక్షిణ ధ్రువం నుంచి తిరిగొస్తూ మంచులో ప్రాణాలు విడిచిన స్కాట్ బృందం, నడవలేని స్థితిలోనూ సుమారు 16 కిలోల రాళ్లను వదల్లేదు. వాటిలో ఉన్నవి ఇవే ఆకులు. ఆ పాత ఖండాన్ని ప్రపంచం గోండ్వానా అంటోంది. ఆ పేరు గోండులది. గోదావరి దాటితే ఆదిలాబాద్ అడవుల్లో ఇప్పటికీ ఇప్పపువ్వు ఏరుకుంటున్న మన పొరుగువాళ్లది.

ఓబీ కుప్పల మీద

ఓపెన్‌కాస్టు కోసం తవ్వి పోసిన మట్టి ఇవాళ గుట్టలై నిలిచింది. సింగరేణి వాటి మీద మొక్కలు నాటుతోంది. నా కోరిక ఒక్కటే. ఆ కుప్పల్లో ఒకదాని మీద మోదుగ, ఇప్ప, తునికి, సోమిద పక్కపక్కనే పెరగాలి. ప్రతి చెట్టు దగ్గర మన పేరు ముందు, శాస్త్రనామం తర్వాత రాసిన పలక ఉండాలి. దారి మొదట్లో ఆకు అచ్చున్న పలకరాయి ఒకటి నిలబెట్టాలి. నీడకు ఏళ్లు పడుతుంది, మోదుగ మాత్రం గడ్డు నేలలోనూ బతుకుతుంది. ఏదో ఒక ఫాల్గుణంలో బాయి పని చేసిన తాత మనవణ్ణి అక్కడికి తీసుకొస్తాడు. ముందు ఆ రాతి ఆకును చూపించి, తర్వాత చెట్టుకున్న ఎర్రపువ్వును చూపిస్తాడు. ఆ రెండింటి మధ్యనున్న కాలాన్ని తట్టలకెత్తి మోసిన మనిషి కదా, అతనికన్నా బాగా చెప్పగలవాళ్లు ఎవరుంటారు?