పడవ ఎక్కువారి కట్టుబాట్లు

వానకు ముఖము వాచిన సీమలో పడవ విహారమును గూర్చి ప్రసంగమేమిటని శ్రోతలు ఆశ్చర్యపడవచ్చును. ప్రొద్దుటూరు ప్రక్కన పెన్నానది ఏడాదిలో పెక్కు నెలలు ఇసుక మేటలతోనే కనిపించును. నదిని కాలినడకన దాటుట ఇక్కడి పెద్దలకు అలవాటు. అయినను గడచిన కొన్ని దశాబ్దములలో ఈ ప్రాంతపు నీటి స్వరూపము మారినది. జమ్మలమడుగు చెంత మైలవరము జలాశయము, దానికి ఎగువన గండికోట జలాశయము, పులివెందుల వైపు పార్నపల్లె వద్ద చిత్రావతి జలాశయము ఏర్పడినవి. గండికోట జలాశయము ఒక్కటే నిండినచో దాదాపు 27 టి.యం.సి.ల నీరు నిలుచును. అక్కడి లోయను చూడవచ్చినవారు తెడ్డు పడవలు ఎక్కుచున్నారు. పార్నపల్లె వద్ద 2022లో విహార పడవలకు రేవు ఏర్పడినది. నీరు వచ్చినది, నీటితో మెలగు నేర్పు మాత్రము కాలువ వెంట వచ్చునది కాదు. ఆ నేర్పు లోకములో ఎట్లు కట్టుబాట్లుగా మారినదో తెలుపుటయే మా ఉద్దేశము.

తుంగభద్రా తీరముల వారికి తరతరములుగా పరిచితమైన పడవ పుట్టి. 1520 ప్రాంతమున విజయనగరమును దర్శించిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, ఆనెగొంది వద్ద తాను చూచిన పుట్టులను వర్ణించినాడు. అవి బుట్టలవలె గుండ్రనివి. లోపల బెత్తపు అల్లిక, వెలుపల తోలు. 15, 20 మందిని మోయగలవు. తెడ్డు వేయుచున్నంతసేపు గిరగిర తిరుగుచునే సాగును. అట్టి రేవులలో కట్టుబాటు కాగితముపై గాక, పుట్టి నడుపువాని అనుభవములో ఉండును. నీటి రంగు చూచి, సుడి చూచి, ‘ఈ పూట వద్దు’ అని అతడన్నచో ఒడ్డున నిలువవలసినదే.

కడప మండలమునకు పడవలను పెద్దయెత్తున తెచ్చు ప్రయత్నమొకటి 19వ శతాబ్దములో జరిగినది. కర్నూలు-కడప కాలువను మనము నేడు సేద్యపు కాలువగానే ఎరుగుదుము. సర్ ఆర్థర్ కాటన్ ఆలోచనలో అది జలమార్గము కూడ. మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ 1860 దశకములో సుంకేసుల వద్ద తుంగభద్రకు ఆనకట్ట కట్టి, దాదాపు 190 మైళ్ల కాలువను త్రవ్వినది. పడవలు మెట్టుమెట్టుగా దిగుటకు లాకులు నిర్మించినది. కాని 1871లో మద్రాసు నుండి కడప మీదుగా రాయచూరు చేరు రైలుమార్గము పూర్తియైనది. సరకు రైలెక్కినది. కంపెనీకి లాభము కానరాక, 1882లో కాలువ ప్రభుత్వపరమైనది. పడవల రాకపోకలు క్రమముగా అడుగంటినవి. గోదావరి, కృష్ణా డెల్టాలలో కాలువ పడవలు ఎందరికో జీవనాధారమైనవి. అక్కడ తండ్రి పట్టిన చుక్కానిని కొడుకు పట్టి నేర్చినాడు. సీమలో అట్టి పరంపర ఏర్పడలేదు. వారసత్వముగా రాని నేర్పును మనము నియమములద్వారానే సంపాదించుకొనవలసియున్నది.

బ్రతుకుతెరువు కొరకు గాక వేడుక కొరకు పడవ నడుపువారు సంఘముగా ఏర్పడుట ఐర్లండులోని కార్కు రేవున 1720లో ఆరంభమైనదని చెప్పుదురు. మన దేశమున రాయల్ బాంబే యాట్ క్లబ్బు 1846 నాటిది. మద్రాసు రేవు ట్రస్టు అధ్యక్షుడు సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగ్ 1911లో అక్కడ యాట్ క్లబ్బును స్థాపించినాడు. తెలుగునాట తెరచాప పడవలకు హుస్సేన్ సాగరము ముఖ్య నిలయము. ఇబ్రహీం కులీ కుతుబ్ షా పాలనలో 16వ శతాబ్దమున ఏర్పడిన ఆ చెరువుపై, సైన్యమునకు చెందిన ఇ.ఎం.ఇ. సెయిలింగ్ అసోసియేషను పోటీలు నిర్వహించుచు వచ్చినది. 2009లో స్థాపితమైన యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ పేద కుటుంబముల పిల్లలకును తెరచాప పట్టుట నేర్పినది.

క్లబ్బు సభ్యత్వమనగా చందా చెల్లించి పేరు వ్రాయించుకొనుట మాత్రమే కాదు. మంచి క్లబ్బులో క్రొత్తవాడు మొదట ఈత వచ్చునని చూపవలెను. లైఫు జాకెట్టును సరిగా బిగించుకొనుట నేర్వవలెను. పడవను కావలెననే బోల్తా కొట్టించి, మరల నిలబెట్టి, ఎక్కి చూపవలెను. నీటిలోనికి పోవునపుడు పుస్తకములో పేరు వ్రాసి, తిరిగి వచ్చినపుడు గుర్తు పెట్టవలెను. సాయంత్రము ఒక పేరు ఎదుట గుర్తు లేకున్నచో వెదకుటకు పడవ బయలుదేరును. మనము రాలేదని గమనించువాడొకడు ఒడ్డున ఉండుటయే సభ్యత్వమునకు అసలు విలువ.

ఈ నియమములలో పెక్కింటిని ప్రాణనష్టమే నేర్పినది. ఇంగ్లండులో ప్రాణరక్షక పడవల సంస్థకు చెందిన కెప్టెన్ వార్డు 1854లో బెండు ముక్కలతో తేలుకవచమును రూపొందించినాడు. 1861 ఫిబ్రవరిలో విట్బీ రేవున, తుపానులో రక్షక పడవ బోల్తాపడి 13 మందిలో 12 మంది మరణించినారు. బ్రతికినవాడు హెన్రీ ఫ్రీమన్. ఆ కవచమును ధరించినవాడు అతడొక్కడే. అధిక భారముతో ఓడలు మునుగుట చూచి శామ్యూల్ ప్లిమ్సాల్ బ్రిటిషు పార్లమెంటులో పోరాడగా, ఓడ ప్రక్కన భారపు గీత ఉండవలెనని 1876లో చట్టమైనది. ఆ గీతను ఎక్కడ గీయవలెనో మాత్రము యజమాని ఇష్టమునకే విడిచినారు! ఆ లొసుగు తొలగుటకు 1890 వరకు పట్టినది. లాభము పొందువాని చేతికే హద్దు గీయు పనిని ఇచ్చినచో అది హద్దు కాజాలదని ఈ చరిత్ర చెప్పుచున్నది.

తెరచాప పందెముల అంతర్జాతీయ నియమావళిలో మొదటి నియమము గెలుపును గూర్చినది కాదు. ఆపదలో ఉన్నవారికి ప్రతి పడవయు చేతనైన సహాయమంతయు చేయవలెనని అది శాసించుచున్నది. తగిన తేలుకవచము ధరించు బాధ్యత ప్రతి వ్యక్తిది. పందెమునకు దిగవలెనా, మానవలెనా అను నిర్ణయము పడవవారిదే. గాలి మించినపుడు, నిర్వాహకులు పంపినారని నెపము చెప్పుటకు వీలులేదు.

టిక్కెట్టు కొని ఎక్కు విహారి స్థితి వేరు. అతడు నిర్ణయమును పరుల చేతిలో పెట్టి కూర్చుండును. 2017 నవంబరు 12న కృష్ణలో పవిత్ర సంగమము చెంత విహార పడవ బోల్తాపడి 20 మందికి పైగా మరణించినారు. వారిలో పెక్కుమంది ఒంగోలు నుండి వచ్చినవారు. 2019 సెప్టెంబరు 15న పాపికొండలకు పోవు లాంచీ కచ్చులూరు వద్ద వరద గోదావరిలో మునిగినది. అందులోని 77 మందిలో 26 మంది మాత్రమే బయటపడినారు. ‘ఈ పూట వద్దు’ అను మాట చెల్లవలసిన చోట చెల్లలేదు.

1917 నాటి చట్టమునకు బదులుగా పార్లమెంటు 2021లో దేశీయ జలమార్గముల నౌకలకు క్రొత్త చట్టము చేసినది. దాని ప్రకారము యంత్రపు పడవకు నమోదు, తనిఖీ పత్రము, బీమా, నడుపువానికి అర్హత పత్రము ఉండవలెను. యంత్రము లేని పడవల నమోదులో స్థానిక సంస్థలకు పాత్ర కల్పించినది. కనుక మన ఊరి పంచాయతీ పెద్దలకును ఇందులో బాధ్యత కలదు.

మన జలాశయములకు తమవైన ప్రమాదములున్నవి. గండికోట లోయ గోడలు నిటారుగా లేచియున్నవి. బోల్తాపడినవాడు కోరినచోట ఒడ్డెక్కలేడు. నీటి మట్టము పెరిగి తగ్గుచుండగా, తాళ్లప్రొద్దుటూరు వంటి ముంపు గ్రామముల గోడలు, చెట్లు నీటి క్రింద దాగియుండవచ్చును. వీనిని ఎరిగినవారు ఆ చుట్టుపట్ల యువకులే. జమ్మలమడుగులోను, పులివెందులలోను వారు సంఘములుగా చేరి, ఈతయు, రక్షణయు నేర్చి, రేవున పేర్ల పుస్తకము పెట్టినచో సీమకు క్రొత్త పరంపర ఆరంభమగును.

అంతవరకు పడవ ఎక్కబోవు ప్రతివారు మూడు ప్రశ్నలు అడుగవలెనని మా మనవి. ఈ పడవకు ఎందరిని ఎక్కించు అనుమతి కలదు? పసిబిడ్డతో సహా అందరికి సరిపోవు లైఫు జాకెట్లున్నవా? మేము తిరిగి రాకున్నచో వెదకుటకు ఒడ్డున ఎవరున్నారు? వీనిలో ఏ ఒక్కదానికి సరియైన జవాబు రాకున్నను పడవ ఎక్కకుండుటయే మేలు.