నది మోయు మట్టికి జమాఖర్చు: ఒండ్రు నమూనాల చరిత్ర

హోసపేట వద్ద తుంగభద్రకు అడ్డముగా కట్టిన ఆనకట్ట 1953లో వినియోగమునకు వచ్చినప్పుడు ఆ జలాశయమున పట్టు నీరు సుమారు 132.47 టి.ఎం.సి.లు. టి.ఎం.సి. యనగా నూరు కోట్ల ఘనపుటడుగులు. 2008 నాటి కొలతలో అది 100.85గాను, 2016 నాటి కొలతలో 105.79గాను తేలినది. అనగా అరువది మూడేండ్లలో జలాశయపు కడుపులో ఐదవ వంతు మట్టితో నిండిపోయినది. గంగావతి, సింధనూరు ప్రాంతముల క్యాంపులలో స్థిరపడిన మన తెలుగు రైతు కుటుంబములకు ఇవి కేవలము పుస్తకములోని అంకెలు కావు. పూడికకు పోయిన ప్రతి టి.ఎం.సి.యు కాలువ చివరి పొలమునకు అందని తడియే.

ఈ పూడికను ముందుగా లెక్కకట్ట వీలగునా? నేడు ఇంజనీరులు ఈ ప్రశ్నకు కంప్యూటరు నమూనాలతో సమాధానము చెప్పుచున్నారు. ఆ నమూనా ఎట్లు పుట్టినది, దానిని ఎట్లు పరీక్షించిరి, దాని మాటను ఎంతవరకు నమ్మవచ్చును అను మూడు విషయములను విచారించుట ఈ వ్యాసమున ఉద్దేశము. నీటితో కదలు బురద, ఇసుక, గులకరాళ్లు అన్నింటిని కలిపి ఇందు ‘ఒండ్రు’ అని వ్యవహరించుచున్నాను.

తొలి లెక్కలు

ఒండ్రు గమనమును గణితమునకు లోబరచు తొలి యత్నములలో ముఖ్యమైనది ఫ్రాన్సు దేశపు ఇంజనీరు డ్యు బాయ్ చేసినది. రోన్ నదిని పరిశీలించి, ప్రవాహము నది అడుగును ఈడ్చు బలమునకును, కదలు ఇసుక మొత్తమునకును గల సంబంధమును అతడు 1879లో సూత్రముగా ప్రకటించెను.

మన దేశమున ఈ ప్రశ్న కాలువల నుండి పుట్టినది. పంజాబునందలి బారీ దోఆబ్ కాలువలు కొన్ని చోట్ల మేట వేయుచు, కొన్ని చోట్ల కోసుకొనిపోవుచు ఉండగా, మేటయు కోతయు లేక నిలకడగా ఉన్న భాగములను కెన్నెడీ అను ఇంజనీరు ఏరి కొలిచెను. లోతును బట్టి కాలువకు తగిన వేగమును తెలుపు అతని సూత్రము 1895లో వెలువడెను. అది సిద్ధాంతమునుండి దిగివచ్చినది కాదు, కాలువ గట్టున నిలిచి కొలిచిన కొలతలనుండి పైకి వచ్చినది. ఆ సూత్రము పుట్టిన కాలువలకు బాగుగా సరిపడినది. మట్టి స్వభావము వేరైన చోట్ల దానిని సవరింపక తప్పలేదు. తరువాతి చరిత్ర అంతటను ఈ పాఠమే మరల మరల కనబడును.

అమెరికాలో కాలిఫోర్నియా బంగారు గనులవారు కొండలను నీటిధారలతో కరిగించి ఆ మట్టిని నదులలోనికి వదలుచుండిరి. నదుల అడుగులు పైకి లేచి, దిగువ పొలములపై ఇసుక మేట వేసినది. రైతులు న్యాయస్థానమును ఆశ్రయింపగా 1884లో ఆ వ్యర్థములను నదులలోనికి వదలుట నిషేధింపబడినది. తరువాత గ్రోవ్ కార్ల్ గిల్బర్ట్ అను భూగర్భ శాస్త్రజ్ఞుడు బర్క్‌లీలో కొయ్యతొట్ల గుండ నీటిని, ఇసుకను పారించి ప్రయోగములు చేసి ఫలితములను 1914లో ప్రకటించెను. 1917లో గనుల మట్టి సంగతిని సమగ్రముగా వ్రాయుచు, ఆ మట్టి వరద అల వలె నదిలో దిగువకు సాగి, క్రమముగా తగ్గునని ఊహించెను. అల వచ్చిన మాట నిజమే. కాని దాని తోక గిల్బర్ట్ తలచిన దానికంటె చాల ఎక్కువ కాలము సాగుచున్నదని తరువాతి పరిశోధకులు చూపిరి. గట్లపైన, వరద మైదానములందు నిలిచిన మట్టి ఏటేట కొంచెము కొంచెముగా నదిలో కలియుచుండుటయే దీనికి కారణము.

బొమ్మనది, ఇసుక రేణువు

లెక్కకు లొంగని నదిని చిన్నదిగా చేసి చూతమని మరికొందరు యత్నించిరి. 1916లో బొంబాయి రాజధాని ప్రభుత్వము పూనాలో నెలకొల్పిన నీటిపారుదల పరిశోధన విభాగము ఈ మార్గమున ప్రసిద్ధి కెక్కినది. సర్ క్లాడ్ ఇంగ్లిస్ నాయకత్వమున అది ఖడక్‌వాస్లాలో పెరిగి, నేడు కేంద్ర జల, విద్యుత్ పరిశోధనాలయముగా నిలిచియున్నది. ఆరుబయట ఇసుకతోను మట్టితోను నదులకు ప్రతిరూపములు కట్టి, నీరు పారించి, గట్టు ఎక్కడ కోయునో, మేట ఎక్కడ పడునో అచ్చటివారు చూచుచుండిరి.

ఈ పద్ధతిలో ఒక చిక్కు కలదు. ఒక కిలోమీటరు వెడల్పు, 5 మీటర్ల లోతు గల నదిని అయిదువందలవ వంతునకు తగ్గించినచో వెడల్పు 2 మీటర్లగును, లోతు ఒక సెంటీమీటరే అగును. అంత పలుచని నీరు నది వలె ప్రవర్తింపదు. అందుచేత లోతును వెడల్పుకంటె పెంచి కట్టవలసివచ్చును. ఇసుక రేణువు సంగతి ఇంకను కష్టము. పావు మిల్లీమీటరు రేణువును అదే వంతున తగ్గించినచో 0.0005 మిల్లీమీటరగును. అప్పుడది ఇసుకగా ఉండక బంకమట్టియై, రేణువునకు రేణువు అంటుకొని, నీటికి కదలదు. నదిని చిన్నది చేయవచ్చును గాని, ఇసుకను ఇసుకగానే ఉంచి అంత చిన్నది చేయుట సాధ్యము కాదు. ఈ లోటే గణిత నమూనాకు దారి చూపినది.

జమాఖర్చు సూత్రము

గణిత నమూనాకు వెన్నెముక వంటి సూత్రమును ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు ఫెలిక్స్ ఎక్స్‌నర్ 1920, 1925 సంవత్సరముల వ్రాతలలో రూపొందించెను. అది మన కొట్ల చిట్టా పద్దు వంటిది. ఒక నదీభాగమునకు పైనుండి వచ్చిన ఇసుక జమ, క్రిందికి పోయిన ఇసుక ఖర్చు. జమ ఎక్కువైనచో అడుగు పైకి లేచును, ఖర్చు ఎక్కువైనచో కోసుకొనిపోవును.

ఒక ఉదాహరణము చూతము. 1000 మీటర్ల పొడవు, 200 మీటర్ల వెడల్పు గల భాగమునకు దినమునకు 5000 టన్నుల ఇసుక వచ్చి, 4000 టన్నులు పోయినవనుకొందము. నిలిచినవి 1000 టన్నులు. మేటవేసిన ఇసుక ఘనపు మీటరునకు 1.6 టన్నులు తూగుననుకొన్నచో ఇవి 625 ఘనపు మీటర్లు. ఈ ఇసుక ఆ భాగమంతట సమముగా పరచుకొన్నచో అడుగు సుమారు 3 మిల్లీమీటర్లు లేచును. ఇట్టివి నూరు దినములైనచో 31 సెంటీమీటర్లు.

ఇంతవరకు పలకమీది లెక్కయే. చిక్కు తరువాత వచ్చును. అడుగు లేచినచో లోతు మారును, లోతు మారినచో వేగము మారును, వేగము మారినచో మరునాడు నీరు మోయగల ఇసుకయు మారును. అందుచే నూరు దినముల ఫలితమును ఒక దినపు ఫలితమునుండి హెచ్చవేసి చెప్పరాదు. ప్రతి దినమునకు, నదిలోని ప్రతి భాగమునకు, ప్రతి పరిమాణపు రేణువునకు వేరువేరుగా లెక్కించి, అడుగును సవరించి, మరల మొదటినుండి లెక్కింపవలెను. మనుష్యుని చేతికి ఇది అలవి కాదు. కంప్యూటరు ఇచ్చట చేసిన మేలు కొత్త జ్ఞానము నిచ్చుట కాదు, విసుగులేక ఈ పద్దును వేలమార్లు తిరిగి వ్రాయుట.

ఖర్చు పద్దులో వ్రాయదగిన అంకె, అనగా నీరు ఎంత ఇసుకను మోయునను సంగతి, వేరొక శాఖనుండి వచ్చినది. రేణువు కదలుట కారంభించు బలమును షీల్డ్స్ అను అమెరికన్ యువకుడు బెర్లినులో పరిశోధించి 1936లో ప్రకటించెను. మహాశాస్త్రజ్ఞుడు ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ కుమారుడైన హన్స్ ఆల్బర్ట్ ఐన్‌స్టీన్, రేణువు ఎప్పుడు లేచునో, ఎప్పుడు నిలుచునో సంభావ్యత చేతనే చెప్పవలెనని తలచి, 1950లో తన ప్రసిద్ధ గ్రంథమును వెలువరించెను. ఈ సూత్రములను, ఎక్స్‌నర్ పద్దును, నీటి లెక్కను ఒకచోట కూర్చిన కార్యక్రమములలో కాలిఫోర్నియా డేవిస్ నగరమునందలి అమెరికా సైనిక ఇంజనీరుల కేంద్రము 1970ల దశాబ్దమున వెలువరించిన ‘హెచ్.ఇ.సి.–6’ పేరొందినది. దానిని రచించినవాడు విలియం థామస్. ఇట్టి నమూనాలు దేశదేశములందు వాడుకలోనికి వచ్చినవి.

పరీక్ష

నమూనాను కట్టుట ఒక ఎత్తు, పరీక్షించుట ఒక ఎత్తు. ఎందుకింత కష్టమో ఒక్క అంకె చాలును. డెన్మార్కు శాస్త్రజ్ఞులు ఎంగెలుండ్, హాన్సెన్ 1967లో ఇచ్చిన సూత్రము ప్రకారము, నీరు మోయు ఇసుక వేగము యొక్క అయిదవ ఘాతము ననుసరించి పెరుగును. వేగమును పదిపాళ్లు ఎక్కువ అంచనా వేసినచో ఇసుక అంచనా అరువది పాళ్లు పెరిగిపోవును. నీటి లెక్కలో క్షమింపదగిన చిన్న దోషము ఒండ్రు లెక్కలో పెద్ద దోషమగును.

1981లో కాలిఫోర్నియా సాంకేతిక విద్యాలయమునందు బ్రౌన్లీ అను పరిశోధకుడు ప్రయోగశాలలనుండి, నదులనుండి 7 వేలకు పైగా కొలతలను ప్రోగుచేసి సూత్రములను వానితో పోల్చెను. 1989లో గోమెజ్, చర్చి అనువారు పండ్రెండు సూత్రములను గులకరాళ్ల నదుల కొలతలతో సరిచూడగా, అన్ని చోట్ల నమ్మదగినది ఒక్కటియు లేదని తేలినది. ఈ శాస్త్రమున లెక్క నిజమునకు సగమునకు తగ్గక, రెట్టింపునకు మించక ఉన్నచో మంచిదనియే ఎంచుదురు. 1983లో అమెరికా జాతీయ పరిశోధక మండలి సంఘము ఆరు నమూనాలను ఒకే నదులపై నడిపించి చూచినది. వాని ఫలితములు ఒకదానితో నొకటి కలియలేదు.

అందుచే పరీక్షకు ఒక మర్యాద ఏర్పడినది. మొదట పద్దు పరీక్ష. నమూనాలో ప్రవేశించిన ఇసుక అంతయు పోయినదానితోను, నిలిచినదానితోను సరిపోవలెను. తరువాత తొట్టి ప్రయోగముతో పోల్పు. ఆపైన నదితో పోల్పు. ఈ మూడవదానిలో కొన్ని సంవత్సరముల కొలతలను చూపి నమూనాను సరిదిద్దుదురు, అది ఎన్నడు చూడని వేరు సంవత్సరములతో పరీక్షింతురు. ఈ భేదము మా వంటి ఉపాధ్యాయులకు సులభముగా తెలియును. ప్రశ్నపత్రమును ముందే చూచిన విద్యార్థి నూటికి నూరు తెచ్చుకొన్నను అది పరీక్ష కానేరదు.

అన్నిటికంటె కఠినమైనది జరుగబోవునది ముందు చెప్పి, జరిగిన తరువాత సరిచూచుకొనుట. ఆరిగన్ రాష్ట్రమున శాండీ నదిపై మార్మట్ ఆనకట్టను 2007లో తొలగించినప్పుడు ఇట్టి అవకాశము దొరకినది. దాని వెనుక సుమారు 7,50,000 ఘనపు మీటర్ల ఇసుక, గులకరాళ్లు నిలిచియుండెను. ఆ మట్టిని తవ్వి తీయవలెనా, నదికే వదలవలెనా? వదలినచో చేపల దారి మూసికొనిపోవునా? తొలగింపునకు ముందే చేసిన గణిత నమూనా, మేట ఎక్కువ భాగము ఆనకట్ట స్థలమునకు దగ్గరనే పడుననియు, దిగువనున్న ఇరుకు లోయలో అంతగా నిలువదనియు తెలిపినది. ఆ ధైర్యముతోనే మట్టిని నదికి వదలిరి. అక్టోబరు 19వ తేదీ తుపాను వరదలో తాత్కాలిక కట్ట తెగినది. తొలి 60 గంటలలోనే సుమారు ఆరవ వంతు మట్టి కొట్టుకొనిపోయినది. ఆ తొలి కోత వేగము చూచినవారిని ఆశ్చర్యపరచినది. కాని మేట పడిన చోటు విషయమున నమూనా చెప్పిన మాట స్థూలముగా నిజమైనది, చేపల దారి మూసికొనిపోలేదు. ముందు వెనుకలను శ్రద్ధగా కొలిచినందుననే ఈ తీర్పు సాధ్యమైనది.

మన నదుల మాట

ఇప్పుడు తుంగభద్ర అంకెలను మరల చూడవలెను. 2008లో 100.85, 2016లో 105.79. ఎనిమిదేండ్లలో జలాశయము తనంతట తాను లోతుబడుట జరుగదు. కొలుచు విధానమునందలి భేదమే దీనికి కారణమని తలపవలసియున్నది. దాదాపు అయిదు టి.ఎం.సి.ల తేడా కొలతలోనే ఉన్నప్పుడు, దానితో సరిచూచిన నమూనా మాత్రము అంతకంటె సూక్ష్మముగా ఎట్లు చెప్పగలదు? నమూనాను పరీక్షించు కొలతకును పరీక్ష అవసరమని మన నదియే చెప్పుచున్నది.

గోదావరి సంగతి ఇంకొక విధముగా బోధించును. మహారాష్ట్రమున పుట్టిన ఆ నదికి ఒడిశా కొండలనుండి శబరి వచ్చి కలియును, గౌతమీ శాఖ యానాము ప్రక్కగా సముద్రమున చేరును. ఈ వ్యాససంపుటి పాఠకులలో ఎందరో ఆ నీటి దారి పొడవున నివసించువారే. 2004లో ప్రకటితమైన ఒక పరిశోధన ప్రకారము, గోదావరి నీటిలో తేలి వచ్చు ఒండ్రు 1971–79 నడుమ ఏటికి సగటున 150.2 మిలియను టన్నులుండగా, 1990–98 నాటికి 57.2 మిలియను టన్నులకు తగ్గినది. ఎగువ జలాశయములు మట్టిని పట్టియుంచుటయే దీనికి ముఖ్య కారణముగా చూపబడినది. పైఠణు వద్ద జాయక్‌వాడీ జలాశయమునకు పూడికయైన మట్టి, నదీముఖమున తీరమునకు రావలసిన మట్టియే. ఎగువన జమ అయినది దిగువన లోటు. ఎక్స్‌నర్ పద్దు నది పొడవునను ఒక్కటియే, రాష్ట్రమునకొక పద్దు లేదు.

ఆ అంకెలు మనకు దక్కుటకు కారణము ఏ యంత్రమును కాదు. వరదలో పడవమీద నిలిచి, సీసాలో నీరు పట్టి, వడగట్టి, ఆరబెట్టి, మిగిలిన మట్టిని తూచి పుస్తకమున వ్రాసిన ఉద్యోగులు ఆ కొలతలకు మూలము. ఒక సంవత్సరపు కొలత తప్పిపోయినచో దానిని ఏ కంప్యూటరును తరువాత కొలువలేదు. జలాశయ పూడికను నియమముగా, ఒకే విధానమున కొలిపింపుడని అడుగుట, ఆ లెక్కలను బయట పెట్టింపుడని కోరుట ఆయకట్టు రైతులకును, తీరవాసులకును న్యాయమైన హక్కు. ఆ విన్నపమునకు మన సంఘములు గొంతు కలుపవలెను.

బడి పిల్లలకు ఈ శాస్త్రము దూరమైనది కాదు. ఒండ్రు, మేట, పూడిక, కోత, లంక అను మాటలు వారి తాతల నోట ఉన్నవే. ప్రవాసమున పుట్టి తెలుగును పాఠ్యపుస్తకమున మాత్రమే చూచు పిల్లవానికి సైతము ఈ అయిదు మాటల అర్థము చెప్పి, పైన చూపిన 5000, 4000 టన్నుల లెక్కను పలకపై చేయించినచో, నమూనా యొక్క ప్రాణము వానికి పట్టువడును. తక్కినది యంత్రము చేయు తిరుగు లెక్క, నది ఇచ్చు సాక్ష్యము. ఆ రెండును కలియని చోట నది సాక్ష్యమునే గైకొనవలెను.