కాగితం మీది రోగి

హైదరాబాద్ పాతబస్తీలో దారుల్‌షిఫా ఇవాళ ఒక పేట పేరు. 1595లో మహమ్మద్ కులీ కుతుబ్ షా అక్కడ కట్టించింది ఆసుపత్రి. నడుమ విశాలమైన ఆవరణ, చుట్టూ రెండంతస్తుల్లో గదులు. నాడి చూసి మందిచ్చి ఇంటికి పంపే హకీములకు ఊళ్ళో కొదవలేదు. రోగిని ఉంచుకునే గదులు లేచాక మాత్రం, ఎవరిని ఉంచుకోవాలి, ఎవరిని పంపేయాలి అన్న ప్రశ్న తప్పదు. మూసీ అవతలి అఫ్జల్‌గంజ్ ఆసుపత్రికి, 1908 వరదలో అది కొట్టుకుపోయాక వచ్చిన ఉస్మానియాకు కూడా అదే ప్రశ్న.

వైద్యుడి నిర్ణయాన్ని ఎక్కడ పరీక్షించాలి అన్నదానిపై ఈ నగరానికి పాత అనుభవం ఉంది. 1888, 1889ల్లో మత్తుమందు క్లోరోఫారంపై హైదరాబాద్ క్లోరోఫారం కమిషన్లు నడిపించిన ఎడ్వర్డ్ లారీ ఇక్కడి వైద్య పాఠశాలకు అధిపతి. ఖర్చు నిజాం ప్రభుత్వానిది. రెండోసారి లండన్ నుంచి లాడర్ బ్రంటన్ అనే వైద్యుడు కూడా వచ్చాడు. కుక్కల మీదా కోతుల మీదా వందల ప్రయోగాలు చేసి, క్లోరోఫారంతో ముందు ఆగేది ఊపిరే, గుండె కాదు, కాబట్టి మత్తిచ్చేవాడు ఊపిరి చూసుకుంటే చాలని తేల్చారు. ఆపరేషన్ బల్ల మీద ఉన్నట్టుండి గుండె ఆగి చనిపోయిన మనుషుల సంగతేమిటని అవతలివాళ్ళు అడుగుతూనే ఉన్నారు. 1911లో గుడ్‌మన్ లెవీ అనే వైద్యుడు జవాబు చూపించాడు: మత్తు తేలిగ్గా ఉన్నప్పుడే గుండె లయ తప్పి ఆగిపోగలదు. లారీది కపటం కాదు, శ్రద్ధగా చేసిన పనే. ప్రయోగశాలలో కుదిరిన పరిస్థితి, బల్ల మీది పరిస్థితి ఒకటి కాకపోవడమే చిక్కు.

ఆసుపత్రిలో చేర్చుకునే నిర్ణయం మీదా పరిశోధన జరిగింది. 1987లో జాన్ వెన్‌బర్గ్ బృందం అమెరికాలోని బోస్టన్, న్యూ హేవెన్ నగరాలను పోల్చింది. రెండుచోట్లా పేరున్న వైద్య కళాశాలలే, అయినా బోస్టన్‌వాళ్ళు ఆసుపత్రుల్లో ఎక్కువగా చేరుతున్నారు. అక్కడ పడకలూ ఎక్కువే. ఇలాంటి తేడా కనిపించిన ప్రతిచోటా ఒక అనుమానం మిగులుతుంది: తేడా రోగుల్లో ఉందా, డాక్టర్లలో ఉందా? రికార్డులు ఎంత తిరగేసినా అది తేలడం కష్టం. ఒకే రోగిని అందరు డాక్టర్ల ముందూ పెట్టాలి. అది కాగితం మీద సులువు. బ్రిటన్‌లో కీళ్ళవాతం డాక్టర్లతో 1980ల్లోనే ఈ ‘కాగితపు రోగుల’ పద్ధతిని పరీక్షించారు. 2000లో జాన్ పీబాడీ బృందం, డాక్టర్ పనితీరును కేస్ షీట్ల కన్నా ఇలాంటి రాత కేసులే నిజానికి దగ్గరగా పట్టిస్తాయని చూపింది.

మన దేశంలో ఫలితం అంత తేలిగ్గా లేదు. జిష్ణు దాస్, జెఫ్రీ హామర్ ఢిల్లీలో డాక్టర్లను ముందు రాత కేసులతో ప్రశ్నించి, తర్వాత వాళ్ళ క్లినిక్‌లో కూర్చుని చూశారు. తెలిసినదానికీ చేసినదానికీ మధ్య పెద్ద అగాధం కనిపించింది. 2015లో ప్రచురితమైన బీహార్ అధ్యయనంలోనూ అంతే: విరేచనాల బిడ్డకు ఓఆర్‌ఎస్ ఇస్తామని కాగితం ముందు చెప్పినవాళ్ళలో చాలామంది, బిడ్డ తరఫున వచ్చినట్టు నటించినవాళ్ళకు అది రాయలేదు.

అందుకని రాత కేసును పారేయనక్కర్లేదు, దాన్ని ఇంకాస్త నిజంగా రాయాలి. ఉదాహరణకు ఇలా: వయసు 52, షాలిబండలో పండ్ల బండి. జ్వరం వచ్చి నాలుగో రోజు, డెంగీ పాజిటివ్, ప్లేట్‌లెట్లు 60 వేలు. వాంతుల్లేవు, కడుపునొప్పి లేదు, ఎక్కడా రక్తం కారలేదు, నీళ్ళు తాగుతున్నాడు, బీపీ బాగుంది. అడ్మిట్ చేస్తారా? ఇప్పుడు ఒక్క వాక్యమే మార్చి మరో డాక్టర్ల గుంపుకు ఇవ్వాలి: షుగర్ ఉంది. ఇంకో గుంపుకు: గదిలో ఒంటరిగా ఉంటాడు. మరో గుంపుకు: వార్డులో ఒక్క బెడ్ కూడా ఖాళీ లేదు. జవాబులు మారితే, వాటిని మార్చింది ఏ వాక్యమో తెలిసిపోతుంది. 2009 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ డెంగీ మార్గదర్శకాలు షుగర్‌నే కాదు, ఒంటరితనాన్నీ ఆసుపత్రికి దూరాన్నీ కూడా చేర్చుకోవడానికి కారణాలుగా లెక్కేశాయి. ప్లేట్‌లెట్ల సంఖ్య చూసి హడలిపోయే మన వానాకాలపు అలవాటు కన్నా అది ఎంతో మెరుగైన చూపు.

కాగితం చూసి నిర్ణయం చెప్పడం ఇక్కడి డాక్టర్లకు కొత్తేమీ కాదు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీలో రోగిని చూడకుండా, పంపిన రిపోర్టులు చూసే ముందస్తు అనుమతి ఇస్తున్నారు. ఈ రాత కేసుల పద్ధతిని వాడి చూడటానికి ఉస్మానియాలో ఒక అవకాశం ఉంది. అక్కడ ఇన్‌పేషెంట్లు ఉండే పాత భవనంలోకి 2020 జులైలో వాననీళ్ళు రావడంతో దాన్ని ఖాళీ చేయించారు. వార్డులు ఇరుకయ్యాయి. గోషామహల్‌లో కొత్త ఆసుపత్రికి 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది. పాత చోట ఇరుకులో ఉండగానే పై పండ్లబండి కేసులాంటివి ఒక కట్ట డాక్టర్ల ముందు పెట్టి జవాబులు రాయించుకోవాలి. కొత్త భవనంలో పడకలు పెరిగాక అవే కేసులను మళ్ళీ ఇవ్వాలి. కాగితం మీది రోగి మారడు కాబట్టి, జవాబు మారితే అది పడకల వల్లేనా అని గట్టిగా అడగొచ్చు. ప్రతిసారీ పక్కనే క్యాజువాలిటీలో కూర్చుని, నిజంగా ఎవరికి అడ్మిషన్ రాశారో కూడా నమోదు చేయాలి.